సన్నతీగ నేర్పిన పొదుపు

(నెట్‌వర్కుల కథ – 17వ భాగం)

గత భాగంలో 1986 అక్టోబరు దగ్గర ఆగాం. లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ కాస్త దూరంలో సెకనుకు 32 వేల బిట్లు మోయాల్సిన దారి ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది. ఆ రద్దీకి వాన్ జేకబ్సన్ ఎలా విరుగుడు కనిపెట్టారో చెప్పుకున్నాం. ఈ భాగంలోనూ ఆయన ఉన్నారు. ఈసారి దారి ఇంకా సన్నం: ఇళ్లలో ఉండే మామూలు టెలిఫోన్ తీగ.

మోడెమ్ చేసేది ఒకటే పని. కంప్యూటర్ ఇచ్చిన బైట్లను శబ్దంగా మార్చి ఫోన్ లైన్లోకి వదులుతుంది, అవతల నుంచి వచ్చిన శబ్దాన్ని తిరిగి బైట్లు చేస్తుంది. ఆ బైట్లు ఉత్తరమా, బొమ్మా, ఇంకొకటా అన్నది దానికి పట్టదు. ఇంటర్నెట్ మాత్రం ప్యాకెట్ల మీద నడుస్తుంది. ప్రతి ప్యాకెట్‌కూ ఒక మొదలు, ఒక చివర ఉండాలి. ఈథర్నెట్ మీద ఆ సంగతి నెట్‌వర్క్ కార్డే చూసుకుంటుంది. ఫోన్ లైన్లో అలాంటి ఏర్పాటేదీ లేదు. బైటు వెనక బైటు వస్తూనే ఉంటుంది, ఒక ప్యాకెట్ ఎక్కడ ముగిసిందో, తర్వాతది ఎక్కడ మొదలైందో చెప్పే దిక్కు లేదు.

1984లో రిక్ ఆడమ్స్ ఆ లోటు తీర్చారు. బర్కిలీ యూనిక్స్ మీద, సన్ వర్క్‌స్టేషన్ల మీద నడిచేలా ఆయన రాసిన పద్ధతి పేరు స్లిప్. నాలుగేళ్లపాటు పద్ధతిగా రాసిన పత్రమేదీ లేకుండానే అది ఊళ్లు తిరిగింది. 1988 జూన్‌లో జాన్ రామ్‌కీ దాన్ని ఆర్.ఎఫ్.సి. 1055గా కాగితం మీద పెట్టారు. ఇది ప్రమాణం కాదని శీర్షికలోనే చెప్పేశారు.

స్లిప్ ఎంత చిన్నదో చూడండి. ప్యాకెట్ అయిపోగానే 192 అనే విలువ ఉన్న బైటు పంపాలి. అవతలివైపు 192 కనబడిందంటే ప్యాకెట్ పూర్తయినట్టు. మరి పంపే సమాచారంలోనే 192 ఉంటే? దాని బదులు 219, 220 అని రెండు బైట్లు పంపాలి. సమాచారంలో 219 వస్తే 219, 221 పంపాలి. ప్రోటోకాల్ మొత్తం ఇంతే. ఫిల్ కార్న్ దీనికి ఒక చిన్న సవరణ సూచించారు: ప్యాకెట్ చివరే కాదు, మొదట్లో కూడా 192 పంపండి అని. ఫోన్ లైన్లో గరగరలు బైట్ల వేషం వేసుకుని వచ్చేవి. రెండు ప్యాకెట్ల మధ్య అలా పోగైన చెత్త అంతా ఆ మొదటి 192తో ఒక దొంగ ప్యాకెట్‌గా విడిపోయి చెత్తబుట్టలోకి పోతుంది, అసలు ప్యాకెట్ శుభ్రంగా మొదలవుతుంది. అదనంగా అయ్యే ఖర్చు ఒక్క బైటు. ఇలాంటి సవరణలు చదివినప్పుడు ఆ తరం ఇంజనీర్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

స్లిప్‌లో లేనివి చాలా ఉన్నాయి. అవతలి మనిషి చిరునామా ఏమిటో అది అడగదు. ఇద్దరూ ముందే చెప్పుకుని చేత్తో నింపుకోవాలి. బైటు పాడైతే పట్టుకోదు. ఐపీ తప్ప ఇంకో ప్రోటోకాల్‌ను మోయలేదు. అయినా అది బతికింది. ఒక సాయంత్రం కూర్చుంటే ఎవరైనా రాసుకోగలిగినంత తేలిక కాబట్టి.

రిక్ ఆడమ్స్ పేరు మన దేశపు కథలోనూ ఉంది. 1987లో ఆయన యూయూనెట్ సంస్థను మొదలుపెట్టారు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1986లో పుట్టిన ఎర్నెట్ తొలి రోజుల్లో మన విద్యాసంస్థల మధ్య డయలప్ మీదే ఉత్తరాలు చేరవేసింది. 1980ల చివర్లో బొంబాయిలోని ఎన్.సి.ఎస్.టి. నుంచి సెకనుకు 9,600 బిట్ల లైను మీద అది అమెరికాను అందుకున్నది ఈ యూయూనెట్ గుమ్మం నుంచే. దేశంలోని పరిశోధక లోకానికంతటికీ బయటి దారి అదే. ఈ రోజు వాట్సాప్‌లో వచ్చే ఒక మామూలు ఫొటో ఆ లైను మీద నిమిషాల తరబడి పాకేది.

ఇక జేకబ్సన్ దగ్గరికి వద్దాం. ఇంటి నుంచి ఫోన్ చేసి ప్రయోగశాల కంప్యూటర్లోకి లాగిన్ అయ్యారనుకోండి. ఒక అక్షరం నొక్కారు. సమాచారం ఒక్క బైటు. దాని ముందు ఐపీ హెడర్ 20 బైట్లు, టీసీపీ హెడర్ 20 బైట్లు. మొత్తం 41. మోడెమ్ లైన్లో ఒక్కో బైటుకు 10 బిట్లు పడతాయి కనుక 410 బిట్లు. సెకనుకు 2,400 బిట్ల మోడెమ్ మీద 0.17 సెకను. మీరు నొక్కిన అక్షరం తెర మీద కనబడాలంటే అవతలి కంప్యూటర్ దాన్ని తిరిగి పంపాలి, ఇంకో 0.17. మనిషికి 0.1, 0.2 సెకన్లు దాటితే ఆలస్యం తెలిసిపోతుంది. వేలు నొక్కింది, తెర మాట్లాడలేదు అనిపిస్తుంది. ఒక్క అక్షరం కోసం నలభై బైట్ల పరివారం నడవడమే దీనికంతటికీ కారణం.

1990 ఫిబ్రవరిలో ఆర్.ఎఫ్.సి. 1144లో జేకబ్సన్ ఆ నలభై బైట్లనూ ఒక్కొక్కటిగా విడదీసి నిలదీశారు. కనెక్షన్ నడుస్తున్నంతసేపూ పంపేవాడి చిరునామా మారదు, అందుకునేవాడి చిరునామా మారదు, పోర్టు నంబర్లు మారవు. హెడర్‌లో దాదాపు సగం ఇలాంటివే. ప్యాకెట్ పొడవు పంపనక్కర్లేదు, వచ్చిన బైట్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. ఐపీ హెడర్‌కు కాపలాగా ఒక చెక్‌సమ్ ఉంది. హెడరే పంపనప్పుడు కాపలా ఎవరికి? వరస సంఖ్యలు మారతాయి, నిజమే. అవి కూడా క్రితం ప్యాకెట్లో ఎన్ని బైట్లు పోయాయో అంతే పెరుగుతాయి, ఆ లెక్క అవతలివాడు చేసుకోగలడు. కాబట్టి తీగకు రెండు చివర్లా గత హెడర్ నకలు ఒకటి దాచుకుంటే, మారిందేదో అది మాత్రం పంపితే చాలు. ఏవేవి మారాయో చెప్పడానికి ఒక బైటు, టీసీపీ చెక్‌సమ్‌కు రెండు బైట్లు. మామూలుగా 40 కాస్తా 3 అయింది. అక్షరానికి 0.17 సెకను పట్టే చోట 0.02 కన్నా తక్కువే పట్టింది.

ఆ రెండు బైట్ల చెక్‌సమ్‌ను ఆయన కుదించకపోవడం ఊరికే కాదు. దారిలో ఒక ప్యాకెట్ పోతే అవతలివైపు దాచుకున్న నకలు వెనకబడిపోతుంది, ఆ తర్వాత కట్టే హెడర్లన్నీ తప్పులే. అప్పుడు ఆ చెక్‌సమ్ సరిపోక ప్యాకెట్ పక్కకు పడుతుంది. జవాబు రాక పంపినవాడు మళ్ళీ పంపుతాడు. మళ్ళీ పంపుతున్నాడని చూసిన వెంటనే ఇవతలి పక్క కుదింపు మానేసి పూర్తి హెడర్ పంపుతుంది, నకళ్లు మళ్ళీ కలుస్తాయి. పొదుపు చేస్తూనే, పొదుపు వల్ల వచ్చే తప్పును దిద్దే దారి కూడా అందులోనే అమర్చారు. చెప్పిందే మళ్ళీ చెప్పనక్కర్లేదు, అయితే అవతలివాడు మరిచిపోయాడని తెలిసిన క్షణం మొత్తం చెప్పాలి. ఈ కాలపు నెట్‌వర్కు చరిత్రను నడిపింది ఈ ఆలోచనేనని నా నమ్మకం. కాసేపట్లో ఇది ఇంకో రూపంలో కనబడుతుంది.

స్లిప్ లోట్లు తీర్చడానికి పీపీపీ వచ్చింది. 1989 నవంబరులో డ్రూ పెర్కిన్స్ తొలి పత్రం రాశారు. విలియం సింప్సన్ సంపాదకత్వంలో 1994 జూలైలో ఆర్.ఎఫ్.సి. 1661గా అది స్థిరపడింది. ఇది మాటల ముందు మంతనాలు జరిపే ప్రోటోకాల్. ఫోన్ ఎత్తగానే రెండు పక్కలా బేరం మొదలవుతుంది: నేను ఒక్కసారిగా 1,500 బైట్ల దాకా తీసుకోగలను, నీకు సరేనా? సరే, లేదా కాదు ఇంత అయితే ఒప్పుకుంటా, లేదా ఆ సంగతే నాకు తెలియదు. ఈ మూడు జవాబులతోనే అన్నీ తేలతాయి. అందులో ఒక ముచ్చటైన అంశం మ్యాజిక్ నంబర్. ప్రతి పక్కా ఒక యాదృచ్ఛిక సంఖ్య చెబుతుంది. ఎక్కడో ఎక్స్చేంజిలో లైను తిరగేసి కలిసిపోయి మన మాటే మనకు తిరిగొస్తుంటే, మనం చెప్పిన సంఖ్యే ఎదురుగా వస్తుంది. అప్పుడు అర్థమవుతుంది, ఎవరితోనూ కాదు, మనతో మనమే మాట్లాడుకుంటున్నామని.

తర్వాత నువ్వెవరన్న ప్రశ్న. పాప్ అనే పద్ధతిలో పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు పంపేస్తారు. చాప్‌లో అలా కాదు. అటునుంచి ఒక సంఖ్య సవాలుగా వస్తుంది. దాన్నీ మన పాస్‌వర్డునూ కలిపి లెక్క కట్టి ఫలితం మాత్రమే పంపాలి. పాస్‌వర్డ్ తీగ ఎక్కదు. ఇదంతా గడిచాక ఐపీసీపీ వంతు. ఆ పూటకు మీ కంప్యూటర్‌కు ఏ ఐపీ చిరునామానో అది అప్పగిస్తుంది.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ తలుపు తీసింది. అప్పట్లో ఖాతాలు రెండు రకాలు. షెల్ ఖాతా చవక, తెర మీద అక్షరాలే తప్ప బొమ్మలుండవు. టీసీపీ/ఐపీ ఖాతా ఉంటే మీ కంప్యూటరే ఇంటర్నెట్లో ఒక భాగం, నెట్‌స్కేప్‌లో బొమ్మలు చూడొచ్చు. ఆ రెండో ఖాతాను నడిపింది పీపీపీ. విండోస్ 95లో నంబర్ డయల్ అయ్యి, మోడెమ్ కీచుమని అరిచి ఆగాక, చిన్న పెట్టెలో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సరిచూస్తున్నామన్న మాట కనబడేది గుర్తుందా? అది పాప్, చాప్‌ల ఘట్టం. సెట్టింగుల లోపలికి వెళ్తే ఐపీ హెడర్ కంప్రెషన్ వాడాలా అని ఒక టిక్కు గడి ఉండేది. చాలామంది అదేమిటో తెలియకుండానే వదిలేసిన ఆ గడి వెనక ఉన్నది జేకబ్సన్ నలభై బైట్ల లెక్కే. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి వచ్చాక సత్యం ఆన్‌లైన్ లాంటివి దిగాయి. సీడీలు, గంటల ప్యాకేజీలు ఇంటింటికీ చేరాయి. తీగ మీద జరిగే మంతనం మాత్రం మారలేదు.

ఇప్పుడు ఒక తీగ వదిలి చాలా తీగల సంగతికి వెళ్దాం. స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ చెరిటన్ దగ్గర స్టీవ్ డీరింగ్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవారు. వారి వీ సిస్టమ్‌లో కంప్యూటర్లు గుంపుగా మాట్లాడుకునేవి. ఒకటి ఒక్కసారి చెబితే గుంపులో ఉన్నవన్నీ వింటాయి. ఒకే ఈథర్నెట్ మీద ఉన్నంతవరకూ అది సులువు, తీగ అందరిదీ కనుక. మధ్యలో రూటర్ వచ్చేసరికి గుంపు మాట అక్కడే ఆగిపోయేది. గుంపు మాటను రూటర్లు దాటించడం ఎలా అన్నది డీరింగ్ పట్టుకున్న ప్రశ్న. చెరిటన్‌తో కలిసి 1985 డిసెంబరులో తొలి పత్రం రాశారు. 1989 ఆగస్టులో ఆర్.ఎఫ్.సి. 1112 వచ్చింది. డాక్టరేట్ సిద్ధాంత గ్రంథం 1991 నాటిది.

ఆయన చేసిన ఏర్పాటులో 224.0.0.0 నుంచి 239.255.255.255 దాకా ఉన్న చిరునామాలు ఏ ఒక్క యంత్రానివీ కావు. ఒక్కోటీ ఒక్కో గుంపుది. పంపేవాడికి గుంపులో ఎవరున్నారో తెలియదు, తెలియనక్కర్లేదు. వినదలచినవాడు తన దగ్గరి రూటర్‌కు చెబితే చాలు. ఆ చెప్పడానికి ఐజీఎంపీ అనే చిన్న ప్రోటోకాల్ ఉంది. రూటర్ అప్పుడప్పుడూ అడుగుతుంది: ఇక్కడ ఏ గుంపు వినేవాళ్లున్నారు? వినేవాళ్లందరూ ఒకేసారి కేక వేయరు. ప్రతి కంప్యూటరూ పది సెకన్ల లోపు ఏదో ఒక క్షణం దాకా ఆగుతుంది. ఎవరి గడువు ముందు ముగిస్తే వాళ్లు జవాబిస్తారు. అది విన్న మిగతావాళ్లు తమ జవాబు మింగేస్తారు. ఒక్కరున్నా పంపాల్సిందే కనుక రూటర్‌కు ఆ ఒక్క జవాబు చాలు. జేకబ్సన్ హెడర్లో చూసిన పొదుపే ఇది కూడా.

గుంపు నంబరును ఈథర్నెట్ కార్డు నంబరుకు ఎలా ముడిపెట్టాలన్న దగ్గర ఒక కథ చెబుతారు. పూర్తిగా కుదరాలంటే నంబర్ల దిమ్మలు 16 కొనాలి, ఒక్కోటి వెయ్యి డాలర్లు. జాన్ పోస్టెల్ ఒకటే కొని, అందులోనూ సగమే డీరింగ్‌కు ఇచ్చారట. కారణం ఏదైనా ఫలితం నేటికీ ఉంది: 28 బిట్ల గుంపు నంబరును 23 బిట్లలో ఇరికించాల్సి వచ్చింది, అందువల్ల కార్డు స్థాయిలో 32 గుంపులు ఒకే నంబరును పంచుకుంటాయి.

రూటర్ల మధ్య పంపకానికి ఆధారమైన ఆలోచన అంతకు పదేళ్ల ముందరిది. బొంబాయి ఐఐటీలో చదివి స్టాన్‌ఫర్డ్ వెళ్లిన యోగేన్ దలాల్, ఈథర్నెట్ రూపకర్తల్లో ఒకరైన రాబర్ట్ మెట్‌కాఫ్‌తో కలిసి 1978లో దాన్ని ప్రచురించారు. 1974లో వింట్ సెర్ఫ్, కార్ల్ సన్‌షైన్‌లతో కలిసి టీసీపీ తొలి నిర్దేశం రాసిన దలాలే ఈయన. ప్యాకెట్ వచ్చినప్పుడు రూటర్ వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని పంపినవాడికి నేనే ఏదైనా పంపాలంటే, ఇది వచ్చిన ఈ దారినే పంపుతానా? అవునంటే మిగతా దారులన్నిటికీ నకలు తీసి పంపు. కాదంటే అది చుట్టూ తిరిగి వచ్చిన నకలు, పారేయ్. మామూలుగా రూటర్ ఎక్కడికి పోవాలో చూస్తుంది, ఇక్కడ ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తుంది. ఒక్క ప్రశ్నతో సుడిలో పడి తిరిగే ప్యాకెట్లన్నీ ఆగిపోతాయి.

1988 నవంబరులో వెయిట్జ్‌మన్, పార్ట్రిడ్జ్, డీరింగ్ రాసిన డీవీఎంఆర్‌పీ ఈ ఆలోచన మీద కట్టిన రూటింగ్ ప్రోటోకాల్. గోదావరి డెల్టాలో కాలువ నీరు వదిలే తీరు తెలిసినవారికి దీని తర్వాతి రూపం ఇట్టే అర్థమవుతుంది. ముందు అన్ని పిల్లకాలువలకూ నీరు వదులుతారు. చివరి పొలంలో పైరు లేకపోతే ఆ తూము మూసేయమని కింది నుంచి పైకి కబురు వస్తుంది. ఒక బోదె కింద అన్ని తూములూ మూసుకుంటే ఆ బోదెకే నీరు ఆపేస్తారు. మళ్ళీ ఎవరైనా నాటు వేస్తే తూము ఎత్తమని ఇంకో కబురు. మొదట్లో ఈ మూసే ఏర్పాటు చివరి అంచు వరకే ఉండేది. మధ్య దారులన్నిట్లోనూ, వినేవాళ్లున్నా లేకున్నా, పారుతూనే ఉండేది. నిజమైన కోత కొన్నేళ్ల తర్వాత గానీ అమల్లోకి రాలేదు.

1992 మార్చి, శాన్ డియాగో. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సమావేశం. ఆ సమావేశపు మాటలను స్టీవ్ కాస్నర్, డీరింగ్ ప్రత్యక్షంగా ప్రసారం చేశారు. మూడు ఖండాల్లో 20 చోట్ల, 16 కాలమండలాల మేరలో జనం విన్నారు. ధ్వనికి సెకనుకు 64 వేల బిట్లు కావాలి. ఇరవై మందికీ విడివిడిగా పంపితే 12 లక్షల 80 వేలు. అప్పటి పెద్ద లైన్లలో ఒకటైన టీ1 సామర్థ్యమే 15 లక్షల 44 వేలు, సమావేశం గొంతు ఒక్కటే దాన్ని దాదాపు నింపేసేది. గుంపుగా పంపితే ఏ లైను మీదైనా 64 వేలే.

అప్పటి రూటర్లకు గుంపు ప్యాకెట్లంటే తెలియదు. కాబట్టి వర్క్‌స్టేషన్ల మీద ఎమ్‌రౌటెడ్ అనే ప్రోగ్రాం నడిపి, వాటి మధ్య సొరంగాలు వేశారు. గుంపు ప్యాకెట్‌ను మామూలు ప్యాకెట్ కడుపులో పెట్టి, తెలియని రూటర్ల మీదుగా దాటించి, అవతల విప్పేవారు. అలా ఇంటర్నెట్ మీదే పరుచుకున్న ఆ రెండో నెట్‌వర్కే ఎంబోన్. అందులో అందరూ వాడిన ధ్వని పరికరం వ్యాట్. రాసింది జేకబ్సన్, స్టీవ్ మెకాన్. మోడెమ్ తీగ మీద నలభై బైట్లను మూడు చేసిన చేయే ఖండాంతర ప్రసారంలోనూ పడింది. 1994లో డీరింగ్, డెబొరా ఎస్ట్రిన్, ఫరినాచ్చీ తదితరులతో కలిసి జేకబ్సన్ రాసిన పిమ్ అనే పద్ధతి, ముందు వదిలి తర్వాత మూసే తీరును తలకిందులు చేసింది: అడిగినవాడికే పంపు, అడగనివాడి దారిలో అసలు వదలకు. నేటి రూటర్లలో ఉన్నది దాని సంతతే.

1993 జూన్ 24న జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రం ప్రాంగణం నుంచి సివియర్ టైర్ డ్యామేజ్ అనే బృందం ఎంబోన్ మీద పాడింది. ఇంటర్నెట్లో ప్రత్యక్షంగా పాడిన తొలి బృందం అదే. డ్రమ్స్ వాయించిన మార్క్ వైజర్ పార్క్‌లో శాస్త్రవేత్త. 1994 నవంబరు 18న డల్లాస్ నుంచి రోలింగ్ స్టోన్స్ కచేరీలో 20 నిమిషాల భాగం ఇదే దారిలో వెళ్లింది. దానికి ముందు సివియర్ టైర్ డ్యామేజ్ పిలవకుండానే వచ్చి పాడేసింది. గుంపు చిరునామాకు ఎవరైనా పంపొచ్చు, అనుమతి అడగనక్కర్లేదు. ఎంబోన్ అందం అదే, బలహీనతా అదే.

మరి ఇంత చక్కటి పద్ధతి ఇంటింటికీ ఎందుకు రాలేదు? సాధారణంగా రూటర్ల బరువు, భద్రత, లెక్కల చిక్కులు అంటారు. అవి నిజమే. నాకు కనబడే మొదటి కారణం మాత్రం ఈ భాగం మొదట్లో చెప్పుకున్న ఫోన్ తీగ. ఆ తీగ చివర వినేది ఒక్కరే. అక్కడ హెడర్ కుదింపు పనికొస్తుంది, గుంపు ప్రసారం ఒక్క బిట్టు కూడా మిగల్చదు. మిగులంతా పంపేవాడికీ, మధ్యలోని పెద్ద లైన్లకీ. రూటర్ల నిర్వహణ భారం మాత్రం ఇంటికి లైను ఇచ్చే సంస్థది. లాభం ఒకరికి, శ్రమ ఇంకొకరికి. పైగా ఎంబోన్ వీడియోకు సెకనుకు లక్షకు పైగా బిట్లు కావాలి, ఇంటి మోడెమ్ అప్పటికి 14,400, లేదా 28,800. 1995 ఏప్రిల్‌లో వచ్చిన రియల్ ఆడియో 14,400 మోడెమ్ మీదే పాట వినిపించింది, ఒక్కో శ్రోతకూ విడిగా పంపుతూ. జనం అటే వెళ్లారు. ఆ దారే పెరిగి పెరిగి నేటి యూట్యూబ్ దాకా వచ్చింది.

ఎంబోన్ మాసిపోయింది. పద్ధతులు పోలేదు. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లలో రూటర్‌లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నింపే చోట పీపీపీఓఈ అని ఉంటుంది. ఫోన్ తీగ కోసం పుట్టిన పీపీపీకి 1999లో ఈథర్నెట్ తొడుగు వేసిన రూపమది. ఒకే గాజుతీగ మీద ఫోను, ఇంటర్నెట్, టీవీ కలిపి ఇచ్చే ఐపీటీవీ సేవల్లో ఛానల్ మార్చినప్పుడు సెట్‌టాప్ బాక్స్ సాధారణంగా చేసేది ఒక గుంపు వదిలి ఇంకో గుంపులో చేరడమే, ఐజీఎంపీ ద్వారా. స్టాక్ ఎక్స్చేంజీల్లో ధరలు సభ్యులందరికీ ఒకేసారి చేరేదీ గుంపు ప్రసారంతోనే.

డీరింగ్ ఆ తర్వాత బాబ్ హిండెన్‌తో కలిసి 1995 డిసెంబరులో ఐపీ ఆరో వెర్షన్ నిర్దేశం రాశారు. అందులో అందరికీ వినబడేలా అరిచే బ్రాడ్‌కాస్ట్ తీసేసి ఆ పని మొత్తం గుంపులకే అప్పగించారు. మీ ఫోన్ వైఫైలో చేరి ఒక చిరునామా తయారుచేసుకోగానే, దాన్ని వాడేముందు ఒక ప్రశ్న పంపుతుంది: ఈ చిరునామా ఇప్పటికే ఎవరిదైనానా? ఆ ప్రశ్న అందరి దగ్గరికీ పోదు. చిరునామాలోని చివరి 24 బిట్లు తనతో కలిసేవాళ్ల గుంపుకే పోతుంది. ఎవరూ పలకకపోతే ఆ చిరునామా ఫోన్‌దే.

(వచ్చే భాగంలో: నాలుగో వెర్షన్ చిరునామాలు అయిపోతాయన్న భయం ఎప్పుడు మొదలైంది, దాన్ని వాయిదా వేసిన ఉపాయాలేమిటి)